క్లమీడియా: ట్యూబులు మూసుకుపోయేది క్రిమి వల్లనా, దాన్ని తరిమిన శరీరం వల్లనా?

పిల్లల కోసం ఆసుపత్రికి వెళ్లిన స్త్రీకి చేసే పరీక్షల్లో హెచ్‌ఎస్‌జీ ఒకటి. గర్భసంచిలోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. ఆ మందు ఫాలోపియన్ ట్యూబుల గుండా పారి చివర్ల నుంచి బయటికి రావాలి. రాకపోతే రిపోర్టులో "రెండు ట్యూబులూ బ్లాక్" అని పడుతుంది. డాక్టరు పాత జబ్బుల గురించి అడుగుతారు: ఎప్పుడైనా పొత్తికడుపు నొప్పి, జ్వరం, వాసనతో తెల్లబట్ట అయ్యాయా? చాలామంది ఏమీ లేదనే చెబుతారు. వాళ్లు చెప్పేది నిజమే.

మన దేశంలో ట్యూబులు ఇలా దెబ్బతినడానికి జననేంద్రియ క్షయ ఒక పెద్ద కారణం. ప్రపంచవ్యాప్తంగా చూస్తే క్లమీడియా అనే బ్యాక్టీరియా ముందు వరుసలో ఉంటుంది. 2020లో 15–49 ఏళ్ల వాళ్లలో కొత్తగా 12.9 కోట్ల క్లమీడియా కేసులు వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లైంగిక సంబంధం ద్వారా సోకే ఈ ఇన్ఫెక్షన్ ఉన్న స్త్రీలలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు. లక్షణం లేదంటే శరీరం ఊరుకుందని కాదు. క్రిమి సోకిన మొదటి గంటల నుంచే లోపల పోరు జరుగుతూ ఉంటుంది. ట్యూబుల్లో మచ్చ పడడంలో ఆ పోరుకే పెద్ద వాటా ఉందని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు అంటున్నారు. ఎందుకలా అంటున్నారో తెలియాలంటే మొదటి నుంచి చూసుకుంటూ రావాలి.

కణం లోపల తప్ప బతకలేని బ్యాక్టీరియా

మామూలు బ్యాక్టీరియాకు తిండి, తేమ దొరికితే ఎక్కడైనా పెరుగుతుంది. క్లమీడియా ట్రకోమాటిస్‌కు అది చేతకాదు. మన కణాల లోపలికి చొరబడితేనే దాని సంఖ్య పెరుగుతుంది. 1907లో జావా దీవిలో హాల్బర్‌స్టేటర్, ప్రోవాజెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కంటి పొర నుంచి గీసి తీసిన కణాల్లో దీన్ని మొదటిసారి గుర్తించారు. కంటి నమూనాలో దొరకడానికి కారణం ఉంది. కళ్లు పోగొట్టే ట్రకోమా జబ్బు కూడా ఇదే జాతి పని. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను భారత్ నిర్మూలించిందని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కంటికి సోకే రకాలు వేరు, జననేంద్రియాలకు సోకే రకాలు వేరు. వాటి మధ్య ఉన్న తేడాల్లో ఒకటి ఒక చిన్న జన్యువు దగ్గర ఉంది. ఆ తేడా ఎంత ముఖ్యమో ఇంకాస్త ముందుకెళ్లాక తెలుస్తుంది.

ఈ క్రిమికి రెండు రూపాలు. ఒకటి, ఒక కణం నుంచి ఇంకో కణానికి వెళ్లే చిన్న గట్టి రూపం. ఇది అంటుకోగలదు కానీ పెరగలేదు. రెండోది, కణం లోపల విభజన చెందే పెద్ద రూపం. ఇది పెరగగలదు కానీ అంటుకోలేదు. మొదటిది రెండోదిగా మారి, పెరిగి, మళ్లీ మొదటిదిగా మారి బయటపడడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

మొదటి అడ్డు: యోనిలోని ఆమ్లం

రోగనిరోధక శక్తి అనగానే రక్తంలోని తెల్ల కణాలు గుర్తొస్తాయి. జననేంద్రియాల్లో మాత్రం మొదటి కాపలా మన కణాలది కాదు, అక్కడ నివాసముండే మంచి బ్యాక్టీరియాది. 1892లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ వీటి గురించి రాశాడు. ఇవి లాక్టోబాసిల్లై. ఈస్ట్రోజెన్ ప్రభావంతో యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ పేరుకుంటుంది. అది విడిపోయి వచ్చే చక్కెరలను ఈ బ్యాక్టీరియా తిని లాక్టిక్ యాసిడ్ వదులుతాయి. పాలు తోడుకుని పెరుగు పులిసేటప్పుడు జరిగేదీ ఇలాంటిదే, ఆమ్లమూ అదే. యోనిలో పీహెచ్ 3.5 నుంచి 4.5 మధ్య ఉండడం వీటి చలవే.

పీహెచ్ అంకెలు చూడడానికి చిన్నవే కానీ లెక్క వేరు. ఒక్క అంకె పెరిగితే ఆమ్లత పదో వంతుకు పడిపోతుంది. యోని పీహెచ్ 3.8 నుంచి 5.8కి పెరిగిందంటే ఆమ్లత వందో వంతుకు దిగిందన్నమాట. లాక్టోబాసిల్లై తగ్గి వేరే బ్యాక్టీరియా పెరిగే "బ్యాక్టీరియల్ వెజైనోసిస్" అనే స్థితిలో పీహెచ్ 4.5 దాటుతుంది. ఆ స్థితిలో ఉన్నవాళ్లకు క్లమీడియా, గనేరియా, హెచ్‌ఐవీ సోకే అవకాశం పెరుగుతుందని చాలా అధ్యయనాల్లో కనబడింది. దక్షిణాఫ్రికా యువతుల మీద చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, లాక్టోబాసిల్లై తక్కువగా ఉన్నవాళ్లకు హెచ్‌ఐవీ ముప్పు సుమారు నాలుగు రెట్లు ఉన్నట్టు తేలింది.

లాక్టోబాసిల్లై అన్నీ ఒకే తీరుగా కాపాడవు. క్రిస్పాటస్ అనే జాతి ఎక్కువగా ఉంటే వాతావరణం నిలకడగా ఉంటుంది. ఇనర్స్ అనే జాతి ఉన్న చోట పరిస్థితి సులువుగా తారుమారవుతుంది. లాక్టిక్ యాసిడ్‌లో ఉండే రెండు రకాల్లో డి-రకాన్ని ఇనర్స్ తయారు చేయలేకపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చంటారు.

పెరుగు తింటే సరిపోతుందా అని అడిగేవాళ్లు మన ఇళ్లలో ఎక్కువ. పెరుగులోని జాతులు, యోనిలో స్థిరపడే జాతులు ఒకటి కావు. తిన్నది అక్కడికి చేరి స్థిరపడుతుందన్న భరోసా లేదు. సరైన జాతిని నేరుగా అక్కడే పెడితే మాత్రం కొంత ఫలితం ఉంది. 2020లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో, వెజైనోసిస్‌కు చికిత్స అయ్యాక క్రిస్పాటస్ పొడిని యోనిలో వాడిన వారిలో 12 వారాల్లోపు జబ్బు తిరగబెట్టింది 30 శాతం మందికి. ఉత్తుత్తి పొడి వాడిన వారిలో 45 శాతం మందికి. తేడా కచ్చితంగా ఉంది, సమస్య పూర్తిగా తీరిపోలేదన్నదీ అంతే నిజం.

వీర్యం క్షార గుణం కలది. కలయిక తర్వాత కొన్ని గంటలపాటు యోనిలో ఆమ్లత తగ్గి ఉంటుంది. శుక్రకణాలు బతకాలంటే అది తప్పదు. క్రిమి వచ్చేది కూడా ఆ సమయంలోనే. జననేంద్రియాల రక్షణలోని చిక్కంతా ఇదే: శుక్రకణాన్ని రానివ్వాలి, కడుపులో పిండాన్ని భరించాలి, క్రిమిని మాత్రం ఆపాలి.

గర్భాశయ ముఖద్వారం: గోడ పలచబడే చోటు

యోని గోడలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. పై పొర రాలిపోతూ, దానితోపాటు అంటుకున్న క్రిములనూ తీసుకుపోతుంది. గర్భాశయ ముఖద్వారం లోపలికి వెళ్లేసరికి ఆ పొరల స్థానంలో ఒకే వరుస కణాలు ఉంటాయి. క్లమీడియాకు కావలసింది ఈ ఒంటి వరుసే. కౌమారంలో, ఇరవైల మొదట్లో చాలామందికి ఈ సున్నితమైన కణాలు ముఖద్వారం బయటి వైపుకూ విస్తరించి ఉంటాయి. చిన్న వయసు స్త్రీలకు ఈ ఇన్ఫెక్షన్ ఎక్కువగా సోకడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి.

ఈ పలచని గోడ ముందు చిక్కటి జిగురు ఉంటుంది. నెలలో ఎక్కువ రోజులు అది గట్టిగా ఉండి దారి మూస్తుంది. అండం విడుదలయ్యే రోజుల్లో పలచబడి సాగుతుంది. జిగురులో లైసోజైమ్, లాక్టోఫెరిన్, డిఫెన్సిన్లు అనే క్రిములను ఎదిరించే ప్రొటీన్లు ఉంటాయి. లాక్టోఫెరిన్ బ్యాక్టీరియాకు అవసరమైన ఇనుమును ముందే పట్టేసుకుంటుంది. డిఫెన్సిన్లు క్రిమి పొరకు చిల్లులు పెడతాయి.

2013లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. క్రిమి మీద పోరాడమని కణాలకు సంకేతమిచ్చే ఇంటర్‌ఫెరాన్లు అనే ప్రొటీన్లు సాధారణంగా ఇన్ఫెక్షన్ వచ్చాకే తయారవుతాయి. ఇంటర్‌ఫెరాన్ ఎప్సిలాన్ మాత్రం స్త్రీ జననేంద్రియాల్లో క్రిమి ఉన్నా లేకపోయినా ఎప్పుడూ ఉంటుంది, హార్మోన్లను బట్టి దాని మోతాదు మారుతుంది. దాన్ని తయారు చేయలేని ఎలుకలకు క్లమీడియా, హెర్పిస్ తీవ్రంగా సోకాయి.

మొదటి మూడు రోజులు, గంటల లెక్కన

ఒక క్రిమి ఈ అడ్డంకులన్నీ దాటి ముఖద్వారం కణాన్ని చేరిందనుకుందాం.

అంటుకోగానే అది సూది లాంటి నిర్మాణంతో కణంలోకి కొన్ని ప్రొటీన్లు ఎక్కిస్తుంది. వాటి ప్రభావంతో కణమే దాన్ని లోపలికి లాక్కుంటుంది. లోపలికి వచ్చిన బ్యాక్టీరియాను కణం మామూలుగా లైసోజోమ్ అనే సంచిలోకి పంపి జీర్ణం చేసేస్తుంది. క్లమీడియా తన చుట్టూ ఉన్న పొరను మార్చుకుని ఆ దారి తప్పించుకుంటుంది. ఆరు నుంచి ఎనిమిది గంటలకల్లా పెరిగే రూపంలోకి మారి విభజన మొదలుపెడుతుంది.

కణానికి దీని జాడ తెలియదా? తెలుస్తుంది, ఆలస్యంగా. బ్యాక్టీరియా భాగాలను పసిగట్టే గ్రాహకాలు కణం మీదా, లోపలా ఉంటాయి. టీఎల్ఆర్2, నాడ్1 అలాంటివే. కొన్ని బ్యాక్టీరియాల పైపొరలోని లైపోపాలీశాకరైడ్ (కొవ్వు, చక్కెర కలిసిన పదార్థం) మన శరీరంలో పెద్ద గగ్గోలు పుట్టిస్తుంది. క్లమీడియాది ఆ విషయంలో చాలా బలహీనం. 1997లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ తేడాను స్పష్టంగా చూపింది. కణాల్లోకి చొచ్చుకెళ్లే వేరే బ్యాక్టీరియా సోకితే తెల్ల కణాలను పిలిచే ఐఎల్-8 వంటి సంకేతాలు కొన్ని గంటల్లోనే వెలువడి తగ్గిపోయాయి. క్లమీడియా సోకిన కణాల నుంచి అవి రావడానికి 20–24 గంటలు పట్టింది, ఒకసారి మొదలయ్యాక ఆగకుండా వస్తూనే ఉన్నాయి. జబ్బు నిశ్శబ్దంగా ఉండడానికీ, వాపు నెలల తరబడి సాగడానికీ మూలం ఈ తీరులోనే ఉందని నాకనిపిస్తుంది.

రెండో రోజుకు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు చేరుకుంటాయి. కణం బయట దొరికిన క్రిములను ఇవి మింగేస్తాయి, లోపల ఉన్నవాటిని తాకలేవు. ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు అనే మరో రకం తెల్ల కణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా విడుదల చేస్తాయి. 48 నుంచి 72 గంటల మధ్య మొదటి కణం పగిలి వందల కొద్దీ కొత్త క్రిములు పక్క కణాల మీద పడతాయి. ఇంతవరకు జరిగినదంతా పుట్టుకతో వచ్చే రక్షణ. ఫలానా క్రిమిని గుర్తుపట్టి నేర్చుకునే టీ కణాల రక్షణ అందుకోవడానికి ఇంకా రోజులు పడుతుంది.

ట్రిప్టోఫాన్ కోసం పెనుగులాట

ఇంటర్‌ఫెరాన్ గామా అందిన కణం ఐడీఓ అనే ఎంజైమును తయారు చేస్తుంది. అది కణంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని ధ్వంసం చేస్తుంది. ట్రిప్టోఫాన్ లేనిదే క్లమీడియా ప్రొటీన్లు కట్టలేదు, మొదటి నుంచీ సొంతంగా తయారు చేసుకోనూ లేదు. కణం తన లోపలి శత్రువును ఆకలితో మాడుస్తుందన్నమాట.

ముందు చెప్పిన జన్యువు తేడా ఇక్కడ తేలుతుంది. జననేంద్రియాలకు సోకే రకాల దగ్గర ట్రిప్టోఫాన్ తయారీలో ఆఖరి మెట్టుకు పనికొచ్చే ఎంజైము చెక్కుచెదరకుండా ఉంది. ఇండోల్ అనే పదార్థం దొరికితే చాలు, దాన్ని ట్రిప్టోఫాన్‌గా మార్చుకుంటాయి. కంటి రకాల్లో ఆ జన్యువు పాడైపోయింది. కంటిలో ఇండోల్ ఎలాగూ దొరకదు. యోనిలో దొరుకుతుంది, అదీ వెజైనోసిస్‌లో పెరిగే ప్రివోటెల్లా వంటి బ్యాక్టీరియాలో కొన్ని ఇండోల్ వదులుతాయి కాబట్టి.

ఒకే మోతాదు క్రిమి సోకిన ఇద్దరు స్త్రీలను ఊహించుకుందాం. ఇద్దరి శరీరాలూ ఇంటర్‌ఫెరాన్ గామాను బాగానే విడుదల చేశాయి. మొదటి ఆమెలో క్రిస్పాటస్ ఎక్కువ, ఇండోల్ లేదు. క్రిమి ఎండిపోయి నశించే అవకాశం ఎక్కువ. రెండో ఆమెకు వెజైనోసిస్ ఉంది. పక్క బ్యాక్టీరియా అందించే ఇండోల్‌తో క్రిమి మళ్లీ పుంజుకుంటుంది. ఆమె రోగనిరోధక శక్తిలో లోపమేమీ లేదు, ఇరుగుపొరుగు మారింది అంతే. ల్యాబ్ ప్రయోగాలు ఈ వివరణకు గట్టి మద్దతు ఇస్తున్నాయి. ఒక్కొక్క స్త్రీలో ఇది ఎంతవరకు నిర్ణాయకమన్నది తేల్చడం అంత తేలిక కాదు, ఎందుకంటే వెజైనోసిస్ ఉన్నవాళ్లలో పీహెచ్, జిగురు, వాపు అన్నీ ఒకేసారి మారుతాయి.

ఇంకో మెలిక ఉంది. ట్రిప్టోఫాన్ పూర్తిగా అందకపోయినా క్రిమి వెంటనే చావకపోవచ్చు. విభజన ఆపి, ఆకారం ఉబ్బి, కణంలోనే ఉండిపోతుంది. ఒత్తిడి తగ్గగానే మళ్లీ పెరుగుతుంది. ల్యాబ్ గిన్నెల్లో ఇది స్పష్టంగా కనబడింది.

మచ్చ ఎవరి పని?

క్రిమి ముఖద్వారం నుంచి పైకి పాకి ట్యూబులను చేరితే అక్కడి సన్నని కేశాల్లాంటి సీలియా దెబ్బతింటాయి, మచ్చ కణజాలం పెరిగి దారి మూసుకుపోతుంది. సోకిన ప్రతి ఒక్కరికీ ఇలా జరగదు. బ్రిటన్‌లో విద్యార్థినుల మీద చేసి 2010లో ప్రచురించిన ట్రయల్‌లో, చికిత్స లేకుండా ఉన్న క్లమీడియా ఏడాదిలో 9.5 శాతం మందిలో కటి వాపు జబ్బుకు (గర్భసంచి, ట్యూబుల్లో ఇన్ఫెక్షన్‌తో వచ్చే వాపు) దారితీసింది. మొదట్లోనే పరీక్షించి చికిత్స చేసినవారిలో అది 1.6 శాతం. రెండు గుంపులూ చిన్నవే కాబట్టి అంకెలను అటూ ఇటూగానే తీసుకోవాలి.

నష్టం ఎలా జరుగుతుందన్న దానిపై రెండు వాదాలున్నాయి.

ఒక వాదం ప్రకారం తప్పు మొదటి స్పందనదే. సోకిన కణాలే ఆగకుండా ఐఎల్-1, ఐఎల్-8 అనే సంకేతాలు వదులుతాయి, వాటికి న్యూట్రోఫిల్స్ గుంపులుగా వస్తాయి, అవి వదిలే ఎంజైములు చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగిస్తాయి. దీనికి ఎలుకల్లో మంచి ఆధారాలున్నాయి. టీఎల్ఆర్2 లేని ఎలుకలు మిగతావాటిలాగే ఇన్ఫెక్షన్‌ను వదిలించుకున్నాయి, కానీ వాటి ట్యూబులు తక్కువ దెబ్బతిన్నాయి. అంటే క్రిమిని తొలగించే పనీ, కణజాలాన్ని చెడగొట్టే పనీ వేర్వేరు దారుల్లో నడుస్తున్నాయి. స్త్రీల నుంచి తీసిన ట్యూబు ముక్కల మీద ల్యాబ్‌లో చేసిన ప్రయోగంలో, ఐఎల్-1ను అడ్డుకుంటే నష్టం తగ్గింది.

రెండో వాదం ప్రకారం నష్టం నేర్చుకున్న రక్షణ నుంచి వస్తుంది. మళ్లీ మళ్లీ సోకినప్పుడు, ముందే సిద్ధంగా ఉన్న టీ కణాలు అతిగా స్పందించి ట్యూబులను గాయపరుస్తాయంటుంది. పదే పదే సోకినవాళ్లలో సంతానలేమి, ట్యూబులో గర్భం నిలవడం ఎక్కువగా కనబడడం దీనికి అనుకూలం. ఎలుకల్లో సీడీ8 అనే రకం టీ కణాలు వదిలే టీఎన్ఎఫ్ అనే వాపు సంకేతం వల్ల ట్యూబులు దెబ్బతిన్నాయని చూపిన ప్రయోగమూ ఉంది.

ఈ రెండూ పరస్పరం కొట్టేసుకునేవి కావని నా అంచనా. మొదటిసారి సోకినప్పుడు మొదటి దారి, తిరిగి సోకినప్పుడు రెండోది బలపడవచ్చు. ఎలుక ఆధారాలకు మాత్రం ఒక హద్దు ఉంది. ఎలుక కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అందినప్పుడు ప్రధానంగా ట్రిప్టోఫాన్‌ను ధ్వంసం చేయవు, వేరే ప్రొటీన్లతో క్రిమి మీద దాడి చేస్తాయి. పైగా ఎలుకల్లో ఇన్ఫెక్షన్ కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మనుషుల్లో అది చాలాకాలం సాగుతుంది. కొలంబియా స్త్రీల మీద 2005లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స లేకుండా ఏడాదికి సుమారు సగం మందిలోనే ఇన్ఫెక్షన్ దానంతట అది పోయింది. నాలుగేళ్లకు దాదాపు అందరిలో పోయింది.

తొందరగా మందు వేస్తే రక్షణ నేర్చుకోదా?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పరీక్షలు, చికిత్స విస్తరించాక కేసులు మొదట తగ్గి తర్వాత పెరిగాయి. దీన్నిబట్టి 2008లో ఒక సిద్ధాంతం వచ్చింది: త్వరగా మందు వేస్తే శరీరం క్రిమిని గుర్తుపెట్టుకునే సమయం దొరకదు, అందుకే తిరిగి సోకుతోంది. చికిత్సకు ముందే క్రిమిని సొంతంగా వదిలించుకున్న స్త్రీలకు తిరిగి సోకడం తక్కువని అమెరికాలో జరిగిన పరిశోధన దీనికి కొంత బలమిచ్చింది. కేసులు పెరగడానికి పరీక్షలు ఎక్కువ చేయడం, మరింత సున్నితమైన పరీక్షలు రావడమే కారణమని అవతలి వాదన. ఈ సిద్ధాంతం నిజమనుకున్నా చికిత్స ఆపమని ఎవరూ అనడం లేదు. రక్షణ నేర్చుకోవడం కోసం ట్యూబులను పణంగా పెట్టడం ఏ డాక్టరూ ఒప్పుకునే బేరం కాదు.

చికిత్స నిజానికి సులువు. డాక్సీసైక్లిన్ ఏడు రోజులు వాడడం ఇప్పుడు ప్రామాణికం. ఇది టెట్రాసైక్లిన్ కుటుంబం మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ల్యాబొరేటరీస్ నుంచి వచ్చింది. కనుగొన్నది బెంజమిన్ డగ్గర్, అక్కడి పరిశోధన విభాగానికి సారథి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

కష్టమంతా గుర్తించడంలోనే. మన ప్రభుత్వాసుపత్రుల్లో లైంగిక వ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లలో ఏళ్లుగా లక్షణాలను బట్టి మందుల కిట్ ఇచ్చే పద్ధతి నడుస్తోంది. ముఖద్వారం నుంచి స్రావం ఉంటే అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఉన్న బూడిద రంగు కిట్ ఇస్తారు. ల్యాబ్ లేని చోట ఇది ఎంతో ఉపయోగపడింది. కానీ లక్షణమే లేని మనిషి క్లినిక్ గడప తొక్కదు, కిట్ ఆమెకు అందదు.

గనేరియాది ఇంకో దారి

గనేరియా బ్యాక్టీరియా న్యూట్రోఫిల్స్‌ను తప్పించుకోదు, పెద్ద ఎత్తున రప్పిస్తుంది. మగవాళ్లలో మూత్రనాళం నుంచి చీము కారేది అందుకే. ఆ న్యూట్రోఫిల్స్ లోపల కూడా కొన్ని క్రిములు బతికే ఉంటాయి. మరోపక్క టీ కణాల స్పందనను అణచివేసి, శరీరానికి జ్ఞాపకం మిగలకుండా చేస్తుంది. ఒకే మనిషికి ఎన్నిసార్లైనా సోకగలగడం దాని ఫలితం. అయినా ఒక ఆశ కనబడింది. న్యూజిలాండ్‌లో మెనింజైటిస్ బీ రకం టీకా వేయించుకున్నవాళ్లలో గనేరియా 31 శాతం తగ్గినట్టు 2017లో తేలింది. రెండు క్రిములూ దగ్గరి చుట్టాలు కావడమే కారణం. అలాంటి టీకానే ముప్పు ఎక్కువున్నవాళ్లకు గనేరియా కోసం ఇవ్వడం 2025 ఆగస్టులో ఇంగ్లండ్ మొదలుపెట్టింది.

టీకా దగ్గర పాత భయం

క్లమీడియాకు ఇంకా టీకా లేదు. 1960లలో ట్రకోమా టీకాలను మనుషుల మీద ప్రయోగించారు. రక్షణ కొద్దికాలమే నిలిచింది. టీకా వేసుకున్న కొందరిలో తర్వాత జబ్బు ముదిరిందన్న భయమూ అప్పుడే పుట్టింది. ఆ భయానికి ఆధారం ఎంత గట్టిదన్న చర్చ ఇప్పటికీ ఉంది. మచ్చ ఎవరి పని అన్న ప్రశ్న అందుకే పుస్తకాలకు పరిమితమైనది కాదు. తప్పు మొదటి స్పందనదైతే టీ కణాలను సిద్ధం చేసే టీకా మేలు చేస్తుంది. తప్పు టీ కణాలదైతే ఏ రకం టీ కణాలను లేపుతున్నామో చూసుకుని అడుగేయాలి. డెన్మార్క్, లండన్ శాస్త్రవేత్తలు సీటీహెచ్522 అనే టీకాను 35 మంది స్త్రీల మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. సురక్షితమని తేలింది, టీకా అందుకున్న అందరిలోనూ యాంటీబాడీలు వచ్చాయి. ఇన్ఫెక్షన్‌ను ఆపుతుందా, ట్యూబులను కాపాడుతుందా అన్నది తేల్చడం ఆ ట్రయల్ ఉద్దేశం కాదు. దానికి వేల మందిని ఏళ్ల తరబడి గమనించే ట్రయళ్లు కావాలి.